నీళ్ళకే ఎక్కిళ్ళొస్తే

నీడ పక్షం, పాడ్యమి

పొద్దున నీళ్ళు వదిలాను. ప్రెషరు బాగుంది, వేడి బాగుంది, దావీదు ఆలస్యంగా వచ్చాడు. పంపు గది నమోదుకు ఇదివరకైతే ఇంతే సరిపోయేది. కానీ కొత్త పంపుకు ఇదే మొదటి నీడ పక్షం కాబట్టి, ఏం జరిగినా వివరంగా రాయమని దాన్ని పంపినవాళ్ళు అడిగారు. ఈ నూకరత్నాన్ని వివరంగా రాయమన్నాక, చదవలేక తిట్టుకుంటే నా పూచీ లేదు.

నిన్న సూర్యుడు దిగిపోయాడు. చందమామ మీద రాత్రంటే పక్షం రోజులు, అది తిరిగేదాకా మళ్ళీ కనబడడు. కొండ అంచున భూమి ఒక్కటే నీలంగా కూర్చుని ఉంది. ఎండలో దాచిపెట్టుకున్న వేడితోనే గట్టు మీది ఇళ్ళన్నీ ఇక గడపాలి. గోతిలో తవ్విన మంచును మేం కరిగించి, వేడిచేసి, పైకి తోస్తాం. ఆ నీళ్ళు ఇళ్ళ గోడల్లో తిరిగి చలి తగ్గిస్తాయి, పొద్దున నేను వదిలాక కుళాయిల్లో వస్తాయి, వాడినవీ వాడనివీ తిరుగు గొట్టంలో మళ్ళీ మా తొట్టికే చేరతాయి. చుక్క కూడా బయటికి పోదు. పోతే అక్కడే రాయైపోతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద గొట్టం ఒకసారి "ఠక్" అంది. కాసేపాగి మళ్ళీ అంది.

"ఏంటది దావీదూ?"

"నేను కాదక్కా, ఆయ్. పొద్దున్నుంచి ఏం తిన్లేదు."

దావీదు పనిలో నా జోడీ. పని బాగా చేస్తాడు, నోరు అంతకంటే బాగా చేస్తుంది. ఇద్దరం గొట్టం పక్కన నిలబడి విన్నాం. ఠక్. నిశ్శబ్దం. ఠక్. పాత కొట్టుడు పంపు ఉన్నన్నాళ్ళూ ఇలాంటి చప్పుడు వినలేదు. అది ముసలి ఎద్దులాంటిది. ఎన్ని నీళ్ళడిగినా దాని నడక దానిదే, కొంచెం కొంచెంగా తోసేది. ఈ కొత్తది చక్రపు పంపు. లోపల చక్రం గిర్రున తిరిగి నీళ్ళను పైకి విసురుతుంది. దానికి ఉన్నది ఒకటే వేగం.

"గొట్టానికి ఎక్కిళ్ళొచ్చేయక్కా," అన్నాడు దావీదు.

మనకు ఎక్కిళ్ళొస్తే నీళ్ళు తాగుతాం. నీళ్ళకే ఎక్కిళ్ళొస్తే ఏం తాగించాలి? నవ్వుకుంటూ ఇంటికి పోయాను.

నీడ పక్షం, తదియ

పొద్దున నీళ్ళు వదిలాను. ఎక్కిళ్ళు తగ్గలేదు సరికదా, గట్టిపడ్డాయి. ప్రెషరు ముల్లు పైకెక్కుతుంది, దిగుతుంది, ఠక్కుమంటుంది, మళ్ళీ ఎక్కుతుంది.

నా స్టీలు గ్లాసు తీశాను. గ్లాసు మూతి గొట్టానికి ఆనించి అడుగు చెవికి పెట్టుకుంటే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. మా నాన్న నేర్పిన విద్య. మొదట చక్రం రొద, దాని వెనక నీళ్ళ సుయ్ మనే పరుగు. ఆ పరుగు సన్నగిల్లింది, ఆగింది, వెనక్కి తిరిగింది! నా చెవి మోసపోయిందేమోనని మళ్ళీ విన్నాను. నిజమే. పైకి పోతున్న నీళ్ళు దిగి వస్తున్నాయి. వెనక్కి రాకుండా ఆపే రెక్క వాల్వు ఠక్కున మూసుకుంటోంది. ఆ చప్పుడే మేం వింటున్నది. కాసేపటికి రెక్క మళ్ళీ తెరుచుకుని నీళ్ళు పైకి పోతున్నాయి. పంపు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇదేం విచిత్రం తల్లీ అనుకున్నాను.

"పంపుకి ఆయాసం వస్తంది. కాస్త భారం తగ్గించాలక్కా," అన్నాడు దావీదు.

నాకూ సబబే అనిపించింది. పంపు మూతి దగ్గర వాల్వును కొద్దిగా బిగించాను. వెంటనే గొట్టం గది అదిరేలా కొట్టింది. దావీదు గెంతాడు, ఇక్కడ గెంతితే దిగడానికి టైము పడుతుంది కాబట్టి, గాల్లో ఉండగానే "తియ్యక్కా, తియ్యి, తియ్యి!" అని మూడుసార్లు అరిచాడు. బిగించినంతా మళ్ళీ వదులు చేశాను. మామూలు ఎక్కిళ్ళకు వచ్చింది.

ఇంకో సంగతి. వంటల వేళ, స్నానాల వేళ, ఇళ్ళలో నీళ్ళు బాగా వాడుతున్నప్పుడు ఎక్కిళ్ళు లేవు. అందరూ పొదుపుగా కుళాయిలు కట్టుకుని కూర్చున్నప్పుడే వస్తున్నాయి. పని ఎక్కువైతే కులాసాగా ఉండి, తక్కువైతే జబ్బు చేసే పంపును నేనెక్కడా చూడలేదు. మా ఆయన అలాంటివాడైతే బాగుండేది.

నీడ పక్షం, చవితి

ఈ రోజు నవ్వులాట తగ్గింది. గోతి వాలు మీద నీడ మలుపు అని ఒకటుంది, గొట్టం అక్కడ వంపు తిరుగుతుంది. ఆ జాయింటు దగ్గర తెల్లగా గడ్డం మొలిచిందని కెమెరాలో చూశాం. చెమ్మ కారి గడ్డకట్టింది. ప్రతి ఎక్కిలికీ ఆ జాయింటు మీద దెబ్బ పడుతోంది. అది ఊడితే నీళ్ళు ఆగుతాయి, ఆగిన నీళ్ళు గడ్డకడతాయి, గట్టు పొడుగునా గొట్టాలు పగులుతాయి. ఎండ వచ్చేదాకా ఇళ్ళలో వేడి ఉండదు. పంపు ఆపి బాగుచేద్దామన్నా అదే గతి.

పని దిగాక మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. వాడు గోతి అడుగున మంచు తవ్వకంలో ఉన్నాడు, పక్షం తిరిగితే గాని పైకి రాడు. మరదలు హంసవేణికి నెలలు నిండాయి. వాళ్ళది గట్టు మీద చివరిల్లు, గొట్టం కూడా అక్కడితో ఆఖరు. గోడ తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది, అది కూడా తెరలు తెరలుగా.

"వదినా, గోడకి ఎక్కిళ్ళండి," అంది హంసవేణి, పొట్ట మీద చెయ్యి వేసుకుని. "ఎవరు తల్చుకుంటన్నారో ఏంటో."

"మీ ఆయనేలే."

"ఆయనా! తల్చుకుంటే ఓ కబురైనా పంపుతారు కదండీ." నవ్వి, కొంచెం బెరుకుగా అడిగింది. "పురుడు టైముకి చలి ఉండదు కదండీ? తడి ఒంటితో పుడతారు కదా పిల్లలు."

"ఎందుకుంటుంది? ఆ రోజు గట్టంతా నీకోసం నీళ్ళు వదుల్తారు. నీ ఇల్లు పొయ్యిలా ఉంటుంది చూడు," అన్నాను.

అనేశాక గాని ఏమన్నానో నాకే తట్టలేదు. మాకు ఒక మర్యాద ఉంది. ఏ ఇంట పురుడొచ్చినా అచ్చియ్యమ్మ మామ్మగారు మైకులో "ఫలానా ఇంట పురుడు, అందరూ నీళ్ళు వదలండి" అని చెబుతారు. ఆ మాట వినగానే ప్రతి ఇంటివాళ్ళూ కుళాయిలు కట్టి, గోడ వాల్వులు కట్టి, దుప్పట్లు కప్పుకుని కూర్చుంటారు. మా వంతు వేడి మేం వదులుకుంటున్నాం, పురిటింటికి పోనీ అని. నేను పుట్టినప్పుడూ కూర్చున్నారు. ఇలాంటి మర్యాద ఇంకెక్కడైనా ఉందా అని మాకు గర్వం కూడా.

కాస్త పొదుపు చేస్తేనే ఇన్ని ఎక్కిళ్ళు. గట్టంతా ఒకేసారి కట్టేస్తే? హంసవేణి ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా అదే ఆలోచించాను.

నీడ పక్షం, షష్ఠి

పొద్దున నీళ్ళు వదిలాను. తరవాత దావీదు, నేను ఒక పరీక్ష చేశాం. ఎక్కిళ్ళు మొదలవగానే పంపు గదిలో కడిగే కుళాయి బార్లా తెరిచి తొట్టిలోకి పోనిచ్చాం. చప్పుడు మెత్తబడింది. కట్టాం, గట్టిపడింది. తెరిచాం, మెత్తబడింది. దావీదు చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ తిప్పాడు. ఆ కుళాయి చిన్నది కాబట్టి పూర్తిగా ఆగలేదు గాని, సంగతి తెలిసిపోయింది.

నాకు అర్థమైనంత రాస్తున్నాను. పైన గట్టు మొదట్లో గాలిడబ్బా ఉంది. అందులో సగం నీళ్ళు, సగం గాలి. పంపు విసిరిన నీళ్ళు ఇళ్ళలోకి పోతుంటే గాలి ఊరుకుంటుంది. ఇళ్ళు కట్టుకుంటే నీళ్ళు డబ్బాలోకే దూరి గాలిని నొక్కుతాయి. నలిగిన గాలి ఎదురు తోస్తుంది. చక్రంలోంచి పోయే నీళ్ళు మరీ తక్కువైపోతే దానికి పట్టు చిక్కదు, జారిపోతుంది. అదను చూసి గాలి నీళ్ళను వెనక్కి నెడుతుంది, రెక్క కొట్టుకుంటుంది. అంతలో గాలి సడలుతుంది, చక్రానికి పట్టు దొరుకుతుంది, మళ్ళీ మొదలు. ఎవరి తప్పూ లేదు. గాలికి దాని బలం ఉంది, చక్రానికి దాని బలం ఉంది, తాడు లాగే ఆటలో లాగా ఇద్దరూ ఊగుతున్నారు. దీన్ని కనిపెట్టినందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. జాయింటు గుర్తొచ్చి ఆ సంతోషం దిగింది.

పంపు పంపినవాళ్ళకు కబురు చేస్తే జవాబొచ్చింది. "పంపులో లోపం లేదు. నీళ్ళ వాడకం తగ్గనివ్వకండి. తొట్టికి తిరిగిపోయే అడ్డగొట్టం ఎండ పక్షంలో వచ్చే బండిలో పంపుతాం." హంసవేణి ఎండ పక్షం దాకా ఆగాలి మరి.

అచ్చియ్యమ్మ మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద పుట్టిన మొదటి బిడ్డ ఆవిడే. ఇప్పుడు ఆవిడ మాటకు ఇక్కడ తిరుగు లేదు. మంచి హుషారులో ఉన్నారు. వాళ్ళ తమ్ముడు పుట్టిన నాటి సంగతి చెప్పారు.

"ఈ గెడ్డం మీద మచ్చ ఎక్కడిదనుకున్నావే? ఆ రోజు సందులో జారి పడ్డాను. పాదాలు మునిగే నీళ్ళు! పిల్లలందరం ఒకటే గెంతులు. ఇక్కడ నీళ్ళు గెంతితే ఎలా ఉంటాయో తెల్సు కదా, పైకెళ్ళిన చుక్క మళ్ళీ కిందికి రావడానికి తొందరే ఉండదు."

అప్పుడు అసలు సంగతి ఎత్తాను. ఈసారి పురుడు రోజున నీళ్ళు కట్టొద్దని, అందరూ తెరిచి ఉంచాలని చెప్పాను. మామ్మగారి ముఖం మారిపోయింది.

"ఒసే రత్నం, పురిటిమనిషి నోటికాడ నీళ్ళు అందరం లాగేసుకోవాలా? అదీ నీ సొంత మరదలు!"

"అలా కట్టేస్తేనే దానికి నీళ్ళందవండి. పంపు మారిపోయింది కదండీ."

"పంపు మారితే మర్యాద మారుద్దా? ఇన్ని పురుళ్ళు పోయించేను, ఏ ఇల్లన్నా చల్లబడిందా? మీ అమ్మ నిన్ను కన్నరోజున ఆ చలికి నా కాళ్ళు కొయ్యబారిపోయేయి. నీకోసం కూర్చున్నానే నేను!"

తల వంచుకుని వచ్చేశాను. దారిలో మాత్రం ఒకటి తొలిచింది. అందరూ నీళ్ళు కట్టుకుని కూర్చున్న రోజున, ఇళ్ళ మధ్య మూసిన సందులో పాదాలు మునిగే నీళ్ళెక్కడివి?

నీడ పక్షం, అష్టమి

నొప్పులు ముందే వచ్చాయి. ఇది జరిగిపోయాక రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయో లేదో, స్పీకర్లో మామ్మగారి గొంతు. "చివరింట హంసవేణికి పురుడు. అందరూ నీళ్ళు వదలండి." నేనూ దావీదూ ముఖాలు చూసుకున్నాం. ఒక్కో ఇల్లు కట్టేస్తున్నట్టు ముల్లు చెబుతూనే ఉంది. పాపం, ఎంత త్వరగా కట్టేశారో! తరవాత గొట్టం కొట్టడం మొదలుపెట్టింది. అవి ఎక్కిళ్ళు కావు. గోడకు తగిలించిన నా గ్లాసు ఎగిరి పడింది. కెమెరాలో నీడ మలుపు దగ్గర గడ్డం పెళ్ళలుగా రాలి, మళ్ళీ మొలుస్తోంది.

"నేనెళ్ళి జాయింటుకి పట్టీ బిగిస్తానక్కా," అని దావీదు బయటి సూటు తొడుక్కున్నాడు. "నువ్వు పైకెళ్ళు. మామ్మగారి కాళ్ళైనా పట్టుకో, గొంతైనా పట్టుకో!" అతను జోకు వెయ్యలేదు. కడిగే కుళాయి బార్లా తెరిచిపెట్టి నేను పరుగెత్తాను.

సొరంగంలో పరుగెత్తితే తల పైకప్పుకు కొట్టుకుంటుంది, రెండుసార్లు కొట్టుకుంది. మైకు గదిలో మామ్మగారు దుప్పటి ముసుగేసుకుని వణుకుతూ కూర్చున్నారు. అందరికంటే ముందు తన గోడే కట్టుకుని ఉంటారు. కోపంతో వెళ్ళినదాన్ని, ఆ వణుకు చూసి ఏడుపొచ్చింది.

"చివరింట గోడ చల్లబడిపోయిందంట రత్నం," అన్నారు మామ్మగారు. గొంతులో భయం. "నర్సమ్మ ఇప్పుడే ఫోను చేసింది. ఇంకా ఎవరో కట్టలేదే. ఇంకోసారి చెప్తాను, నీళ్ళు వదలమని..."

మైకు మీదికి వంగిన ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ మాట అప్పుడు నా చెవికి కొత్తగా తగిలింది. నీళ్ళు వదలమని. రోజూ పొద్దున్నే ఇక్కడ నేను రాస్తున్న మాటే అది.

"మామ్మగారూ, పొద్దున్నే పంపు గదిలో నేనేం చేస్తానండి?"

"ఇదేం ప్రశ్నే ఇప్పుడు? నీళ్ళు వదుల్తావు."

"వదిలితే ఏమవుతుందండి?"

"ఏమవుతుంది, వస్తాయి..."

నేను ఊపిరి పీల్చుకోకుండా చెప్పేశాను. "మీ తమ్ముడు పుట్టినప్పుడున్నది కొట్టుడు పంపు కాదండి, దానికి ముందుది. అదీ చక్రపు పంపే అయ్యుంటుందండి. అందుకే ఆ రోజు అందరూ కుళాయిలు తెరిచేరు. సందులో నీళ్ళు అవేనండి! తరవాత కొట్టుడు పంపొచ్చింది, అది కొంచెమే తోస్తుంది, అందరూ వాడితే చివరింటికి అందవు. అప్పుడు కట్టుకోవడం మొదలెట్టేరు. మాట మాత్రం అదే ఉండిపోయింది."

ఆవిడ గడ్డం మీద మచ్చను వేలితో తడుముకున్నారు.

"మా అమ్మ గోదారి కాలవగట్టున పుట్టిందే," అన్నారు నెమ్మదిగా. "ఎప్పుడూ అక్కడి కబుర్లే. కాలవ కట్టేసేరు అనేది, ఎండిపోయినప్పుడు. నీళ్ళొచ్చినప్పుడు... కాలవ వదిలేరు అనేది. వదిలేరే రత్నం. వదలడమంటే అదీ!"

మైకు దగ్గరికి లాక్కున్నారు. "నేను అచ్చియ్యమ్మని. నీళ్ళు వదలండన్నాను కదా, కట్టుకోమని కాదు. తెరవండి. గోడలు తెరవండి, కుళాయిలు తెరవండి, పారనివ్వండి. అమ్మా, నాయనా, హంసవేణి కోసం!"

గట్టు మీద ఒక్క కుళాయి తెరుచుకోలేదు. ఎవరూ నమ్మలేదు. "మామ్మగారికి మతి తప్పినట్టుంది, పాపం," అని పక్క గోడ వెనక ఎవరో అన్నారు. పురిటి వేళ కుళాయి ముట్టుకోవడమంటే మాకు అంత పాపం.

మామ్మగారు దుప్పటి విదిలించి లేచారు. సందులోకి నడిచి, సందు కుళాయి తలను రెండు చేతులా పట్టుకుని పూర్తిగా తిప్పేశారు. నీళ్ళు పెద్ద పెద్ద ముద్దలుగా ఎగిరి, తీరిగ్గా కిందికి దిగాయి. ఆ నీళ్ళలో చెప్పులు విడిచి నిలబడ్డారు.

"రండర్రా! నా ఒక్కదాని కుళాయి సరిపోద్దా?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ముందు ఒక కుళాయి, తరవాత ఇంకోటి, ఆ తరవాత లెక్క తెలియలేదు. గోడల్లో నీళ్ళు పరుగెత్తే చప్పుడు అన్ని ఇళ్ళలోంచి వచ్చింది. నేను గోడకు చెవి ఆనించాను. ఠక్. ఠ... సుయ్ మంటూ ఒకటే పరుగు. చివరింటి వైపు పోయే ఆ పరుగును వింటూ అక్కడే కూలబడ్డాను.

"పట్టీ బిగిసిందక్కా, జాయింటు నిలబడింది, ఆయ్," అని దావీదు రేడియోలో అరిచాడు. అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

నేను చివరిల్లు చేరేసరికి గోడ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఆడపిల్ల. తడి ఒళ్ళు తుడిచి నర్సమ్మ నా చేతిలో పెట్టింది. బరువే లేదు, ఇక్కడ ఏదీ బరువుండదు, అయినా రెండు చేతులా పొదివి పట్టుకున్నాను.

నీడ పక్షం, నవమి

పొద్దున నీళ్ళు వదిలాను. ఈ మాట రాసి కాసేపు చూస్తూ కూర్చున్నాను.

నిన్న పారించిన నీళ్ళతో దాచుకున్న వేడి చాలా ఖర్చయింది. ఎండ వచ్చేదాకా నాలుగేసి ఇళ్ళవాళ్ళు ఒక ఇంట్లో సర్దుకోవాలని తీర్మానం. వాడే ఇళ్ళలో మాత్రం గోడలు పూర్తిగా తెరిచే ఉంచుతున్నాం, అందువల్ల ఎక్కిళ్ళు లేవు. మా ఇంట్లో దావీదు కుటుంబం దిగింది. అతను నిద్రలో కూడా మాట్లాడతాడని అతని భార్య ముందే చెప్పి క్షమాపణ అడిగింది. సణుగుడు ఉంది, ఎందుకుండదు? కానీ సణిగేవాళ్ళందరూ ఏదో ఒక వంకతో చివరింటి వైపు వెళ్ళి బిడ్డను చూసి వస్తున్నారు.

మొదటి పంపు నిజంగా చక్రపు పంపేనా అని దావీదు అడిగాడు. ఆ ముక్కలు ఏనాడో కరిగించి గిన్నెలు చేసేశారు. తెలిసే దారి లేదు. మొదటివాళ్ళు కూడా ఒక పురిటినాడు మాలాగే భయపడి, కుళాయి తిప్పి చూసి ఉంటారా? నాకు తెలుసుకోవాలని ఉంది.

సాయంత్రం నేనూ వెళ్ళాను. మామ్మగారు మంచం పక్కనే ఉన్నారు, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. నిన్నటి తడికి జలుబు చేసింది, అయినా మాట తగ్గలేదు. మాట మధ్యలో "హిక్" అని చిన్న చప్పుడు వినబడింది. నేను ఉలిక్కిపడి గోడకు చెవి పెట్టాను. గోడ నిశ్శబ్దంగా ఉంది. మళ్ళీ "హిక్".

"గోడ కాదండి వదినా, ఇది," అంది హంసవేణి, బిడ్డను చూపించి. బిడ్డ ఒళ్ళంతా ఒక్కో ఎక్కిలికీ కుదుపుతోంది. "ఎవరు తల్చుకుంటన్నారంటారు దీన్ని?"

"ఎవరని చెప్తామే," అన్నారు మామ్మగారు. "గట్టంతా."

నా చెయ్యి అప్పటికే కుళాయి మీద ఉంది. అది చూసి హంసవేణి పగలబడి నవ్వి, బిడ్డను రొమ్ముకు ఆనించుకుంది.